ఎనిమిది కొట్టని గురువారం

నవంబరు నెలాఖరు గురువారం. ఉబాల్దో మాస్టారు తెల్లవారకముందే లేచి గడ్డం గీసుకున్నారు. గురువారం బడికి సెలవు. సెలవు రోజున ఆయన గడ్డం జోలికి పోరు. భార్య సెత్తీమియా బార్లీ కాఫీ కాస్తూ ఓ చూపు చూసి ఊరుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె చూసి ఊరుకున్నవి చాలానే ఉన్నాయి.

మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున ఎనిమిదికి మా ఊరి బస్సు కొండ దిగుతుంది. తొమ్మిదింటి రైల్లో పట్నం నుంచి ప్రొఫెసర్ లియోనిల్దె వస్తారు. బస్సు ఆవిడను పదింటికి పైకి తెస్తుంది. మాస్టారు ఆవిడను గంట గోపురం ఎక్కిస్తారు. పదకొండింటికి గంట ఆరు దెబ్బలు కొడుతుంది. ఆవిడ వింటారు. అంతే.

ఆ ఆరు దెబ్బల వెనక ఇరవై రెండేళ్ళ పని ఉంది. మా పియెత్రవెల్లా ఊరి గోపురం మీది గడియారాన్ని నాలుగు వందల ఏళ్ళ కిందట ఫ్రా ఇల్లుమినాతో అనే సన్యాసి చేశాడు. అప్పట్లో రోజు అర్ధరాత్రి మారేది కాదు. పొద్దు గూకి, దీపాల గంట కొట్టగానే ఆ రోజు అయిపోయినట్టు. బుధవారం సాయంత్రం దీపం పెట్టగానే గురువారం వచ్చేసినట్టే. అక్కడినుంచి ఒకటి, రెండు అంటూ ఇరవై నాలుగు దాకా లెక్క. ఇరవై నాలుగు దెబ్బలు కొట్టే ఓపిక గడియారానికీ ఉండదు, లెక్కపెట్టే ఓపిక జనానికీ ఉండదు. అందుకని సన్యాసి ఆరు దాకా కొట్టించి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించాడని మాస్టారి వాదన. తర్వాతివాళ్ళు ఆ చక్రం పీకేసి, లోకంతోపాటు పన్నెండు కొట్టే చక్రం బిగించారు.

ఈ సంగతి మీద మాస్టారు మూడు వందల నలభై పేజీలు రాశారు. పట్నంలోని చరిత్ర పరిషత్తు వాటిని రెండుసార్లు తిప్పి పంపింది. ఈ ఆగస్టులో, గోపురం పై అంతస్తులో, మూరెడు పావురాల రెట్ట కింద ఆరు గాట్ల ఇనపచక్రం ఒకటి దొరికింది. మాస్టారు మళ్ళీ రాశారు. ప్రొఫెసర్ నుంచి జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. 'నేనే వస్తాను. గురువారం ఒక్కరోజే వీలు. నా చెవులతో వింటే సోమవారం అచ్చుకు వెళ్ళే సంచికలో మీ పుస్తకం ఉంటుంది. లేకపోతే ఇక పంపకండి.' ఆ సంచిక ఐదేళ్ళకోసారి వస్తుంది. మాస్టారికి అరవై మూడేళ్ళు.

అందుకే బుధవారం దీపాల వేళకి, చెప్పులు కుట్టుకుంటూ గడియారానికి తాళం తిప్పే నజ్జరేనోను వెంటబెట్టుకుని, పన్నెండు గాట్ల చక్రం ఊడదీయించి ఆరు గాట్లది బిగించారు.

"ఊరందరికీ తెలుసా?" అంది సెత్తీమియా.

"ఆదివారం ఫాదర్ పచీఫికో చర్చిలో చీటీ చదివారు కదా."

"చదివారు. ప్రసంగం అయ్యాక చదివారు. ప్రసంగం మొదలవగానే మగాళ్ళంతా బయటికెళ్ళి చుట్టలు ముట్టించుకున్నారు."

"ఆడవాళ్ళు విన్నారు కదా. చాలు."

"విన్నాం. మీరు రాసింది 'పూర్వుల కాలగణన ప్రకారము' అని. మా వీధి వీధంతా అదేదో కొత్త పన్ను అనుకుంది."

మాస్టారు కాలరు బొత్తాం పెట్టుకుంటూ, "నువ్వు విడమరచి చెప్పలేకపోయావా?" అన్నారు.

"పంతులు మీరా, నేనా?" అని, సెత్తీమియా శాలువా కప్పుకుని గానుగకు బయలుదేరింది. ఆమె గానుగ తెరెన్సియో కూతురు. ఆలివ్ కాయల రోజుల్లో ఆమె కాపురం సగం ఇక్కడ, సగం పుట్టింట.

బయట పొగమంచు. నవంబరులో మా కొండ మీద మంచు పడితే ఎదుటి మనిషి దగ్గు వినిపిస్తుంది గాని మనిషి కనిపించడు. గోపురం లేదు, గడియారం ముఖం లేదు, సూర్యుడు ఎటు ఉన్నాడో తెలియదు. గంట మోత ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకునే ఊరు బతుకుతుంది. ఊళ్ళో చేతి గడియారాలు మూడే. ఒకటి డాక్టరుది, ఒకటి పంచాయతీ గుమాస్తాది, ఒకటి బస్సు నడిపే ఒరెస్తేది. ఆ ముగ్గురూ రోజూ గంట విని ముల్లు సరిచేసుకునేవాళ్ళే.

పొద్దున ఎనిమిదయింది. గంట మూడు కొట్టింది.

మాస్టారు వీధిలో నిలబడి టోపీ తీశారు. దీపాల వేళ నుంచి పదిహేను గంటలు. పన్నెండు పోగా మూడు. సన్యాసి లెక్క తప్పలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. ప్రొఫెసర్ ఎక్కుతారని, గోపురం మెట్లు ఊడవడానికి చీపురు పట్టుకుని వెళ్ళిపోయారు.

చర్చి ముందు కూడలిలో పంచాయతీ గుమాస్తా కూడా ఆ మూడు విన్నాడు. తన గడియారం ఎనిమిది చూపిస్తోంది. 'పాడైపోయింది, మావగారు పెట్టినదింతే' అనుకుని ముల్లు మూడుకు తిప్పుకున్నాడు.

గంట నాలుగు కొట్టింది. తర్వాత ఐదు కొట్టింది. అంటే పది. మాస్టారు చీపురు మూలన పెట్టి, కోటు దులుపుకుని కూడలికి వచ్చారు. మంచులో బస్సు నిలబడి ఉంది. ఇంజను గుర్రుగుర్రుమంటోంది. లోపల జనం. 'పదంటే పదికే వచ్చింది!' అని ఆయన గుండె పొంగింది. మెట్టు దగ్గర ఒక పెద్దావిడ. నల్ల కోటు, కళ్ళజోడు, చేతిలో తోలు సంచి. ఇంకెవరవుతారు?

"రండమ్మా, రండి! మీ కోసమే చూస్తున్నాం. ఆలస్యమైతే దాటిపోతుంది," అని మాస్టారు సంచి అందుకున్నారు.

ఆవిడ పక్క కొండ మీది పల్లె మంత్రసాని, క్లోరిందా. మా ఊళ్ళో ఒక కాన్పు చేసి ఇంటికి పోదామని బస్సెక్కి, రెండు గంటలుగా కాళ్ళు తిమ్మిరెక్కేలా కూర్చుని, అప్పుడే ఒళ్ళు విరుచుకోవడానికి దిగింది. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళని 'రండి, ఆలస్యమైంది' అంటే ఎందుకని అడగరు. నడుస్తారు.

"ఎప్పుడు మొదలైంది?" అంది నడుస్తూనే.

"నిన్న సాయంత్రం, దీపాల వేళ."

"నిన్న సాయంత్రమా! ఇప్పుడా చెప్పడం? తొలిసారేనా?"

"నాలుగు వందల ఏళ్ళలో ఇదే తొలిసారి," అన్నారు మాస్టారు గర్వంగా.

ఏదో పాత వంశం, ఇన్నాళ్ళకు కడుపు పండింది కాబోలు అనుకుని క్లోరిందా అడుగు వేగం పెంచింది. గోపురం గుమ్మం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. పైకి నూట పన్నెండు మెట్లు.

"ఇంత పైనా? ఎవరు పెట్టమన్నారయ్యా ఇంత పైన?"

"సన్యాసి ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంచామండీ."

"సన్యాసా!" క్లోరిందా గబగబా శిలువ గుర్తు వేసుకుంది. కానీ వెనక్కి తిరగలేదు. ఎవరి పాపమైనా బిడ్డ బిడ్డే కదా అని మెట్లెక్కింది. దారిలో నాలుగుచోట్ల కూర్చుంది. మాస్టారు ప్రతిచోటా ఒక అధ్యాయం చెప్పారు. ఆవిడకి ఊపిరే అందలేదు, మాటలేం అందుతాయి?

పైన నజ్జరేనో వెల్లకిలా పడుకుని, చేతులకి నల్లగా నూనె పులుముకుని, చక్రం కింద మూలుగుతున్నాడు. క్లోరిందా అతన్ని చూసింది. చుట్టూ చూసింది. సంచి దించి చేతులు పైకి మడిచింది.

"ముందు ఈ మగాణ్ణి బయటికి పంపండి. వేడినీళ్ళేవి?"

"వేడినీళ్ళెందుకమ్మా, నూనె వేశాం కదా," అన్నాడు నజ్జరేనో.

అప్పుడే పదకొండయింది. చెవి పక్కనే, మూడు నిలువుల దూరంలో, గంట ఆరు కొట్టింది. పావురాలు లేచాయి. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"విన్నారా?"

"వినక! చెవుడొచ్చింది. ఇంతకీ నొప్పులు పడే పిల్లేదీ?"

"ఏ పిల్ల?"

"కనే పిల్ల!"

మాస్టారు నెమ్మదిగా, "మీరు... ప్రొఫెసర్ లియోనిల్దె గారు కాదూ?" అన్నారు.

"నేను మంత్రసాని క్లోరిందాని. నా బస్సుగానీ పోయిందో, నీ సంగతి చూస్తాను."

నూట పన్నెండు మెట్లు దిగడం ఎక్కడం కంటే తొందరగా అయింది. బస్సు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే గుర్రుమంటోంది.

"ఒరెస్తే! పట్నం నుంచి వచ్చిన అమ్మగారు ఏరీ?" అన్నారు మాస్టారు రొప్పుతూ.

"ఏ అమ్మగారు?"

"నువ్వు పైకి తీసుకొచ్చిన అమ్మగారు!"

"తేవడమేంటి మాస్టారూ? నేనింకా వెళ్ళందే."

మాస్టారు బస్సు చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఒరెస్తే చాలా ఓర్పుగా చెప్పాడు. "బస్సు ఎనిమిదికి కదలాలి. నిరుడు నా గడియారం చూసుకుని కదిలితే, గోపురం గంట ప్రకారం నాలుగు నిమిషాలు ముందని కంపెనీ వాళ్ళు మెమో ఇచ్చారు. ఇక ఎనిమిది దెబ్బలు విన్నాకే తాళం తిప్పుతానని సంతకం పెట్టి వచ్చా. పొద్దుట్నుంచీ చెవులు రిక్కించుకుని కూర్చున్నా. మూడు కొట్టింది, నాలుగు, ఐదు, ఆరు కొట్టింది. ఇంకెంత, ఏడు, ఎనిమిదేగా."

"ఇది ఎనిమిది కొట్టదు ఒరెస్తే. ఇది ఎప్పటికీ ఎనిమిది కొట్టదు."

"అలా అశుభం పలక్కండి."

బస్సులోని ఆడవాళ్ళకి ఇదంతా ముందే తెలుసు. చీటీ విన్నవాళ్ళు వాళ్ళే కదా. మూడు గంటలుగా ఒరెస్తేకి చెబుతూనే ఉన్నారు. కాకపోతే తలా ఒకటి చెబుతున్నారు. మొన్న బామ్మ అయిన కోడిగుడ్ల అడాల్జీసా, కొట్టినదానికి ఐదు కలపాలంది. ఆవిడ తోడికోడలు, కలపడం కాదు, తీసెయ్యాలంది. వెనక సీట్లో ఒకావిడ, పూర్వుల లెక్కలో ఆరు అంటే మిట్టమధ్యాహ్నమే, తాను ఇంట్లో కూతురికి ఆరు కొట్టగానే పాస్తా వెయ్యమని చెప్పి వచ్చానంది.

"గుమాస్తాగారినడగండి, గడియారముంది!" అన్నారెవరో.

గుమాస్తా గడియారం చూసుకుని, "ఆరు," అన్నాడు.

"పొద్దున ఆరా, సాయంత్రం ఆరా?"

గుమాస్తా మంచులోకి చూశాడు. మంచు ఏమీ చెప్పలేదు. "ఆఫీసుకి వెళ్ళాలో, ఇంటికి వెళ్ళాలో నాకూ అర్థం కావట్లేదు," అన్నాడు నిజాయితీగా.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఈ విషయం మీద మూడు వందల నలభై పేజీలు రాసిన మనిషి ఆయన. "చూడండి, చాలా తేలిక. నిన్న దీపాల వేళ నుంచి పద్దెనిమిది. ఆరులు మూడు పోయాయి. దీపాల వేళ ఐదింటికి గనక, పద్దెనిమిదికి ఐదు కలిపితే ఇరవై మూడు. కాదు, కాదు, అందులోంచి పన్నెండు తీస్తే... ఉండండి." ఆయన జేబులోంచి పెన్సిలు తీశారు. జనం ఆయన్నలా చూసి, ఉన్న కాస్త నమ్మకమూ వదులుకున్నారు.

చివరికి ఒరెస్తే, "ఎనిమిది అయిందని రాసి సంతకం పెట్టివ్వండి, కదులుతాను," అన్నాడు. మాస్టారు జీవితంలో ఆధారం లేని వాక్యం రాయలేదు. ఇప్పుడూ రాయలేదు. 'ఎనిమిది కొట్టవలసిన సమయము దాటినదని నా అభిప్రాయము' అని రాసి, కింద ఓ చుక్క గుర్తు పెట్టి, భిన్నాభిప్రాయములు కలవని చేర్చారు. ఒరెస్తే దాన్ని రెండుసార్లు చదివి, భుజాలెగరేసి, గేరు వేశాడు. క్లోరిందా కిటికీలోంచి వేలు చూపించి ఏదో అంది. ఇంజను మోతలో వినపడలేదు. ఒక విధంగా మంచిదే.

మధ్యాహ్నం పన్నెండయింది. గంట ఒకటి కొట్టింది.

మా ఊళ్ళో పన్నెండో దెబ్బకి పాస్తా నీళ్ళలో పడుతుంది. ముందు పడదు, తర్వాత పడదు. కొండవాలు తోటల్లో కాయలేరే మగాళ్ళు పన్నెండో దెబ్బకి నిచ్చెన దిగుతారు. ఆ వేళ పన్నెండు కొట్టలేదు. చీటీ వినని ఇళ్ళల్లో గుండిగలు మరిగి మరిగి ఇగిరిపోయాయి. చీటీ విని 'ఆరంటే మధ్యాహ్నం' అనుకున్న ఇళ్ళల్లో పాస్తా గంటసేపు నాని ముద్దయిపోయింది. 'కలపాలి' అన్నవాళ్ళు ఇంకా కూర తరుగుతున్నారు. 'తీసెయ్యాలి' అన్నవాళ్ళు తిని పడుకున్నారు. తోటల్లో మగాళ్ళు నిచ్చెనల మీదే ఉన్నారు, ఆకలేస్తోందేంటి ఇంత పొద్దున్నే అనుకుంటూ.

ఫాదర్ పచీఫికో గరిటె చేత్తోనే బయటికొచ్చారు. ఆయన వంట ఆయనే చేసుకుంటారు. "ఉబాల్దో! బైబిల్లో దేవుడు సూర్యుణ్ణి ఒక్కసారే ఆపాడు, అదీ యుద్ధం కోసం. నువ్వు పాస్తా దగ్గర ఆపేశావేంటయ్యా?"

"చీటీ మీరే చదివారు కదా ఫాదర్."

"చదివాను. అర్థమైందని ఎవరు చెప్పారు?"

ఆయన వెనక గరిటెలు ఇంకా చాలా ఉన్నాయి. ఒకావిడ గిన్నె తెచ్చి మాస్టారి ముక్కు కింద పెట్టింది. అందులో పాస్తా అని ఒకప్పుడు పిలవబడినది ఉంది. "తినండి. మీ పూర్వులు ఇలాగే తినేవాళ్ళా?"

మాస్టారు కిందనుంచే కేకేశారు. "నజ్జరేనో! పన్నెండు చక్రం పెట్టెయ్యి! ఇప్పుడే!" ప్రొఫెసర్ రాలేదు, వినలేదు. ఇక ఆరు కొట్టి ఎవరికి ఉపయోగం?

నజ్జరేనో చెప్పులు కుట్టడంలో నేర్పరి. చక్రం అరగంటలో బిగించాడు. అయితే అది రెండు దగ్గర పట్టుకుంది. రావలసింది ఒంటిగంట. ఆ చక్రం వెనక్కి తిరగదు. ముందుకు తిప్పి ఒకటికి తేవాలంటే రెండు నుంచి పన్నెండు దాకా వరుసగా అన్నీ కొట్టించాలి. నజ్జరేనో బొగ్గుతో గోడ మీద కూడిక వేశాడు. డెబ్భై ఏడు దెబ్బలు. ఆకలిమీద ఉన్నాడు. కానిచ్చేశాడు.

మా ఊళ్ళో పన్నెండు దాటి గంట మోగిందంటే ఒకటే అర్థం. ఎక్కడో నిప్పంటుకుంది.

పదిహేనో దెబ్బకి కిటికీలు తెరుచుకున్నాయి. ఇరవైకి తలుపులు. ముప్ఫైకల్లా ఊరంతా బకెట్లతో వీధిలో ఉంది. తోటల్లోంచి మగాళ్ళు నిచ్చెనలు దూకి వచ్చారు. మాడిన గుండిగల వాసన అన్ని దిక్కుల నుంచీ వస్తోంది గనక ఎటు పరిగెత్తాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడెవరో, ఊరి చివర మంచులో నల్లటి పొగ చూసి, "గానుగ!" అని అరిచారు.

"మా సెత్తీమియా!" అన్నారు మాస్టారు. ఎవరి బకెట్టో లాక్కుని అందరికంటే ముందు పరిగెత్తారు.

గానుగ తగలబడలేదు. నవంబరులో గానుగ పొగగొట్టం ఎప్పుడూ అలాగే పొగ వదులుతుంది. ఏటా చూసేదే అయినా, ఆ వేళ ఎవరికీ గుర్తు రాలేదు. తలుపు తోసుకుని యాభైమంది బకెట్లతో లోపలికి పడ్డారు. లోపల రాతిచక్రం నెమ్మదిగా తిరుగుతోంది. కొత్త నూనె పచ్చగా కారుతోంది. పొయ్యి ముందు ముక్కాలి పీట మీద, మగవాళ్ళ బూట్లు వేసుకున్న ఒక పొట్టి ముసలావిడ కూర్చుని, కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్దుకుంటోంది. పక్కన సెత్తీమియా నూనె పోస్తోంది.

"మా ఆయన," అంది సెత్తీమియా బకెట్టు వంక చూస్తూ. "ఏమండీ, ఈవిడే మీ ప్రొఫెసరమ్మ. పది నుంచీ ఇక్కడే ఉన్నారు."

స్టేషన్లో బస్సు రాకపోతే ఆవిడ ఐదు నిమిషాలు చూసి, కాయల బండి ఒకటి పైకొస్తుంటే ఎక్కేశారు. కాయల బండి ఎక్కడికొస్తుంది? గానుగకే.

మాస్టారి బకెట్టులో నీళ్ళు బూట్ల మీద ఒలుకుతున్నాయి. "అమ్మా... క్షమించాలి. చక్రం తీసేశాను. ఊరంతా తలకిందులైంది. మీకు వినిపించలేకపోయాను."

"ఎందుకు వినిపించలేదు? ఐదు విన్నాను, ఆరు విన్నాను, ఒకటి విన్నాను. మీ సన్యాసి సంగతి నిజమే. ఆ తర్వాత కొట్టినవి మాత్రం నాకు అర్థం కాలేదు, డెబ్భై దాకా లెక్కపెట్టి వదిలేశాను," అన్నారు ప్రొఫెసర్ లియోనిల్దె. "అది కాదు మాస్టారూ. ఇక్కడ నేను చూసింది వేరు. గంట ఐదు కొట్టింది. బండివాడు తిట్టుకుంటున్నాడు, గంటకి పిచ్చెక్కిందని. ఈ పెద్దాయన మాత్రం తల కూడా ఎత్తకుండా, 'పదిహేడు. తర్వాతది బార్తొలూచీ వంతు' అన్నాడు. ఎలా తెలుసని అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు."

పెద్దాయన అంటే తెరెన్సియో. మాస్టారి మావగారు. ఎనభై ఒక్క ఏళ్ళు. చదువు రాదు. ఆయన వెనక గోడ మీద సుద్దగీతలు. గంటకో గీత చొప్పున ఆరేసి గీతలు నాలుగు వరుసలు, ఒక్కో గీత పక్కన ఒక్కో ఇంటి గుర్తు. నిచ్చెన, మేక, విరిగిన బుట్ట.

"ఇంకెలా లెక్కపెడతారు?" అన్నాడు తెరెన్సియో. "పొద్దు గూకితే కాయలొస్తాయి. వచ్చినప్పట్నుంచి వంతులు. మా తాత ఇంతే, వాళ్ళ తాత ఇంతే. ఇవాళ గంట బాగు చేయించారనుకున్నా. ఇన్నేళ్ళకి సరిగ్గా కొట్టింది."

మాస్టారు గోడ వంక చూశారు. భార్య వంక చూశారు. "ముప్ఫై ఏళ్ళు! నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడైనా అడిగారా? అడిగినవన్నీ కాయితాలనే అడిగారు."

బకెట్ల వాళ్ళలో ఎవరో నవ్వారు. పరిగెత్తి వచ్చిన ఆకలికి రొట్టె వాసన తగిలి, కోపం ఎటో పోయింది. సెత్తీమియా ఇంకో నాలుగు రొట్టెలు కోసింది.

ప్రొఫెసర్ చేతులు దులుపుకున్నారు. "మీ పుస్తకాన్ని రెండుసార్లు వెనక్కి పంపింది నేనే. ఆగిపోయిన గడియారం గురించి మూడు వందల నలభై పేజీలు ఎవరు చదువుతారు? ఆ లెక్క ఇంకా నడుస్తోందంటే మాత్రం చదువుతారు. ఈ పెద్దాయన్ని కూర్చోబెట్టి, వంతుల సంగతంతా ఆయన నోటితో చెప్పించి, ఒక అధ్యాయం రాయండి. శనివారం టపాలో వెయ్యండి. సోమవారం అచ్చుకి పోతుంది. మాటిస్తున్నాను."

మాస్టారి ముఖంలో ఇరవై రెండేళ్ళ మబ్బు విడిపోయింది. బకెట్టు పక్కన పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడి, పెన్సిలు తీశారు. "మావయ్యా, చెప్పండి. ముందు ఈ మేక గుర్తు..."

"ఇప్పుడు కాదు అల్లుడూ," అన్నాడు తెరెన్సియో. "గానుగ మీద వంతు లేకుండా ఏ పనీ జరగదు. రాజుగారొచ్చినా ఇంతే. మాట్లాడాలన్నా వంతు రాయించుకోవాల్సిందే." సుద్ద పట్టుకుని గోడంతా వెతికాడు. "ఒక్కటే ఖాళీ. మారియాన్నా ముసలమ్మ కాయలు తేలేనంది. శుక్రవారం మూడో గంట. తప్పితే వరుస చివరికి పోతావ్. చివరంటే క్రిస్మస్ దాటాకే."

"శుక్రవారం, మూడు. తప్పుతానా మావయ్యా!" అన్నారు మాస్టారు.

తెరెన్సియో మూడో గీత పక్కన కళ్ళజోడు బొమ్మ గీశాడు. మూడు వందల నలభై పేజీలు రాసిన మనిషికి చెప్పేదేముందని ఎవరూ ఇంకేమీ అనలేదు.

సాయంత్రం నాలుగింటికి గంట నాలుగే కొట్టింది. ఒరెస్తే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, తృప్తిగా బస్సు కదిలించాడు. ప్రొఫెసర్ కిటికీలోంచి నూనె సీసా చూపించి చెయ్యి ఊపారు. సెత్తీమియా తండ్రికి సాయంగా గానుగలోనే ఉండిపోయింది, మాస్టారు ఎలాగూ వస్తారు కదా, కలిసి ఇంటికి పోవచ్చని. మాస్టారు ఒంటరిగా ఇల్లు చేరారు. మర్నాడు బడి వదిలాక తిన్నగా గానుగకు పోవచ్చని లెక్క వేసుకున్నారు. అడగవలసిన ప్రశ్నలు నలభై రెండు శుభ్రంగా రాసుకుని, పెన్సిళ్ళు నాలుగు చెక్కి బల్ల మీద వరుసగా పెట్టి, తీరిగ్గా పప్పుచారు వేడిచేసుకుని భోజనానికి కూర్చున్నారు.

ఆయన రెండో ముద్ద మింగుతుండగా గోపురం గంట ఎనిమిది కొట్టింది; దీపాలు పెట్టి మూడు గంటలు, గానుగలో శుక్రవారం మూడో గంట వచ్చి వెళ్ళిపోయింది.